గ్రాంటు దరఖాస్తులో అసలు పరీక్ష బడ్జెట్టే

ప్రైవేటు ఆరోగ్య ఫౌండేషన్ల నుంచి గ్రాంటు ఎలా తెచ్చుకోవాలని అడిగితే శిక్షణ తరగతుల్లో దొరికే సమాధానం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ప్రతిపాదన రాయడం నేర్చుకోండి. సమస్యను గణాంకాలతో మొదలుపెట్టమంటారు, లక్ష్యాలను కొలిచేందుకు వీలుగా పెట్టమంటారు, ఒక లబ్ధిదారు కథ జోడించమంటారు. ఇందులో తప్పేమీ లేదు గానీ, ఈ సలహా అసలు విషయం జోలికి పోదు. దరఖాస్తు నెగ్గుతుందా లేదా అన్నది చాలాసార్లు మొదటి వాక్యం రాయకముందే, ఎవరిని అడుగుతున్నామన్న దగ్గరే తేలిపోతుంది. ఆ గడప దాటినవాటికి నిజమైన పరీక్ష బడ్జెట్ దగ్గర ఎదురవుతుంది. ఆ పరీక్షలో అడిగేవారే కాదు, ఇచ్చేవారు కూడా తప్పుతున్నారన్నది నా వాదన.

ముందుగా ఫౌండేషన్ అంటే ఏమిటో గుర్తుంచుకోవాలి. ప్రభుత్వ పథకానికి అర్హత నిబంధనలు ఉంటాయి. అర్హులకు అడిగే హక్కు ఉంటుంది. కాదంటే పైకి విన్నవించుకోవడానికి ఏదో ఒక దారి ఉంటుంది. ప్రైవేటు ఫౌండేషన్ దగ్గర అలాంటి హక్కూ, విన్నపానికి దారీ ఉండవు. ఒక దాత సంపదతో, ఆ దాత ఉద్దేశానికి లోబడి, కొద్దిమంది ట్రస్టీల నిర్ణయంతో అది నడుస్తుంది. 1913లో ఏర్పడిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ కొంకిపురుగు వ్యాధి మీద, ఎల్లో ఫీవర్ మీద దశాబ్దాల పాటు పనిచేసింది. ఎల్లో ఫీవర్ టీకాకు గాను 1951లో నోబెల్ అందుకున్న మాక్స్ థైలర్ ఆ ఫౌండేషన్ ప్రయోగశాలలోనే ఆ పరిశోధన చేశారు. మందుల కంపెనీ అధిపతి హెన్రీ వెల్‌కమ్ 1936లో మరణించాక ఆయన వీలునామా ప్రకారం వెల్‌కమ్ ట్రస్టు పుట్టింది. జాన్సన్ అండ్ జాన్సన్ షేర్ల సంపదతో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ 1972 నుంచి అమెరికా అంతటా గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ సంస్థలు చేసిన మేలు చిన్నది కాదు. అయితే ఏ జబ్బు మీద, ఏ పద్ధతిలో పనిచేయాలో అవి తమకు తామే నిర్ణయించుకున్నాయి. ఎవరూ ఓటు వేసి అప్పగించలేదు. అందువల్ల దరఖాస్తు ద్వారా మనం అడిగేది ‘మా పని మంచిదా?’ అని కాదు, ‘మీరు ఇప్పటికే ఖరారు చేసుకున్న ప్రణాళికలో మా పనికి చోటుందా?’ అని. ఈ రెండింటికీ మధ్య తేడా పట్టించుకోని సంస్థలు ఏళ్ల తరబడి తిరస్కరణ లేఖలు అందుకుంటూ, లోపం తమ రాతలో ఉందనుకుంటాయి.

ఆ ప్రణాళిక ఏమిటో తెలుసుకోవడానికి ఫౌండేషన్ ప్రచార పత్రాల కంటే దాని ఖర్చుల చిట్టా మేలు. అమెరికాలోని ప్రైవేటు ఫౌండేషన్లు 1969 నాటి పన్ను సంస్కరణ చట్టం దరిమిలా ఏటా కనీసం కొంత మొత్తం పంచిపెట్టి తీరాలి. ప్రస్తుతం అది వాటి పెట్టుబడి ఆస్తుల విలువలో సుమారు 5 శాతం. అవి పన్నుల శాఖకు ఏటా సమర్పించే 990-పీఎఫ్ అనే ఫారం ఎవరైనా చూడదగ్గ బహిరంగ పత్రం. ఆ ఏడాది ఏ సంస్థకు ఎంత, దేనికోసం ఇచ్చారో అందులో వరుసగా ఉంటుంది. ట్రస్టీల పేర్లూ ఉంటాయి. అందులోనే ఒక చిన్న గడి ఉంది: ముందుగా ఎంచుకున్న సంస్థలకే విరాళాలు ఇస్తామని, అడగకుండా వచ్చే దరఖాస్తులు తీసుకోబోమని చెప్పదలచిన ఫౌండేషన్ అక్కడ టిక్కు పెడుతుంది. ఆ టిక్కు ఉన్న చోటికి నలభై పేజీల ప్రతిపాదన పంపడం కంటే వృథా పని లేదు. టిక్కు లేకపోయినా, గడచిన మూడేళ్ల జాబితాలో సగటు గ్రాంటు మన అవసరానికి పదింతలు ఉంటే, లేదా అన్నీ విశ్వవిద్యాలయాలకే వెళ్లి ఉంటే, అందులోనూ సమాధానం ఉన్నట్టే.

జాబితా చూశాక ఫౌండేషన్‌లో సంబంధిత ప్రోగ్రామ్ ఆఫీసర్‌తో ఒకసారి మాట్లాడటం, లేదా రెండు పేజీల సంక్షిప్త ప్రతిపాదన పంపి అభిప్రాయం అడగడం ఉత్తమం. ఆ ఉద్యోగి ద్వారపాలకుడిలా కనిపిస్తారు గానీ, మన పని నచ్చితే ట్రస్టీల ముందు మన తరఫున వాదించేది కూడా ఆయనో, ఆవిడో. వారు ఇచ్చే జవాబును ఉన్నదున్నట్టు అర్థం చేసుకోవడమే కష్టం. ‘మీ కృషి ఎంతో విలువైనది, అయితే ప్రస్తుతం మా ప్రాధాన్యాలు వేరు’ అన్న మాటలో మొదటి సగం మర్యాద, రెండో సగం సమాచారం. మొదటి సగాన్ని పట్టుకుని మరుసటి ఏడాది మళ్లీ అదే ప్రతిపాదన పంపేవారు తక్కువేమీ కాదు.

దరఖాస్తు చేయకూడదని నిర్ణయించుకోవడం ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చెబుతుంది. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలికి 2012లో వచ్చిన 3,727 ప్రతిపాదనల తయారీకి పరిశోధకులు వెచ్చించిన కాలమంతా కలిపితే సుమారు 550 పని సంవత్సరాలని ఒక అధ్యయనం అంచనా వేసింది. వాటిలో మంజూరైనవి ఐదో వంతు మాత్రమే. అది ప్రభుత్వ మండలి అయినా, గ్రాంటుకు పోటీ ఉన్న ప్రతిచోటా లెక్క ఇదే తీరున నడుస్తుంది: గెలిచినవారికి దక్కే సొమ్ము ఫౌండేషన్ ఖాతాలో కనిపిస్తుంది, ఓడినవారు ధారపోసిన సమయం ఎవరి ఖాతాలోనూ కనిపించదు. పెద్ద సంస్థల్లో ప్రతిపాదనలు రాయడానికే ప్రత్యేక విభాగాలు ఉంటాయి. చిన్న సంస్థలో రాసేది పగలు రోగుల్ని చూసే వైద్యుడో, క్షేత్ర సిబ్బందిని నడిపించే సమన్వయకర్తో. కనుక దరఖాస్తు ఫారం పొడుగయ్యేకొద్దీ పోటీ పెద్దవారి వైపు మొగ్గుతుంది.

దీనికి విరుగుడు ఫౌండేషన్ల చేతుల్లోనే ఉంది, కొన్ని ప్రయత్నించాయి కూడా. గేట్స్ ఫౌండేషన్ 2008లో ప్రారంభించిన ‘గ్రాండ్ చాలెంజెస్ ఎక్స్‌ప్లొరేషన్స్’ కింద రెండు పేజీల దరఖాస్తు సరిపోయేది. ముందస్తు ప్రయోగ ఫలితాలు అడగకుండానే తొలి విడతగా లక్ష డాలర్లు ఇచ్చేవారు, ఫలితం చూపినవారికి ఆ తర్వాత పది లక్షల డాలర్ల వరకు అవకాశం ఉండేది. జర్మనీలోని ఫోక్స్‌వాగన్ ఫౌండేషన్ సాహసోపేతమైన పరిశోధనల కోసం నడిపిన ఒక పథకంలో 2017 నుంచి, నాణ్యత వడపోత దాటిన దరఖాస్తుల్లో కొన్నింటిని లాటరీ తీసి ఎంపిక చేసింది. లాటరీ అనగానే నవ్వొస్తుంది గానీ, ఒకదానికొకటి దాదాపు సమానంగా ఉన్న ముప్ఫై ప్రతిపాదనల్లో పదింటిని ‘ఉత్తమం’ అని తేల్చినట్టు నటించడం కంటే అది నిజాయితీ గల పద్ధతి.

ప్రతిపాదన పాఠం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ‘ప్రజల్లో రక్తపోటుపై అవగాహన పెంపొందిస్తాం’ అన్న వాక్యానికి ఏ ఫౌండేషనూ డబ్బు ఇవ్వకూడదు. ఎందుకంటే అది జరిగిందో లేదో చివర్లో తెలుసుకునే మార్గం లేదు. ‘మందులు మొదలుపెట్టినవారిలో ఆరు నెలల తర్వాత కూడా వాడుతున్నవారు ఇప్పుడు ఎందరు, రెండేళ్ల తర్వాత ఎందరు ఉండాలి, ఆ లెక్క ఏ రిజిస్టరు నుంచి తీస్తాం’ అని రాస్తే అది పని అవుతుంది. శిబిరాల సంఖ్య, హాజరైనవారి సంఖ్య మన శ్రమను చెబుతాయే తప్ప, ఎవరి రక్తపోటు అదుపులోకి వచ్చిందో చెప్పవు.

ఇక బడ్జెట్. పైన చెప్పిన రక్తపోటు ప్రాజెక్టునే తీసుకుందాం. మామూలుగా పట్టికలో కనిపించేవి: ఇద్దరు నర్సుల జీతం, బీపీ మిషన్లు, ప్రయాణ ఖర్చులు, శిక్షణ, మందులు. కనిపించనివి: ఆ జీతాల లెక్క రాసే అకౌంటెంటు సమయం, రిజిస్టరు వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే మనిషి, మిషన్లు సరైన కొలత చూపుతున్నాయో లేదో ఏటా సరిచూసే ఖర్చు, ఆడిట్ ఫీజు, కార్యాలయం అద్దె, ఒక నర్సు ప్రసూతి సెలవు మీద వెళితే ఆమె స్థానంలో పనిచేసేవారి జీతం, రెండో ఏడాది జీతాల పెంపు. ఇవి లేకుండా ప్రాజెక్టు ఒక్క త్రైమాసికం కూడా గడవదు. అయినా వీటిని వదిలేస్తారు, ఎందుకంటే ‘పాలనా ఖర్చు’ ఎక్కువగా కనిపిస్తే గ్రాంటు రాదన్న భయం. వదిలేసిన ఖర్చు మాయమైపోదు. సిబ్బంది జీతాలు లేని అదనపు గంటల రూపంలోనో, ఇంకో ప్రాజెక్టు సొమ్ము ఇటు మళ్లించడం రూపంలోనో ఎవరో ఒకరు దాన్ని భరిస్తారు. రెండోది ఆడిట్‌లో బయటపడితే సంస్థ పేరే పోతుంది.

ఈ భయం గాల్లోంచి పుట్టలేదు. అద్దె, ఆడిట్, అకౌంట్లు వంటి ఉమ్మడి ఖర్చులను పరోక్ష వ్యయం అంటారు. చాలా ఫౌండేషన్లు దానికి గట్టి పరిమితి పెడతాయి. గేట్స్ ఫౌండేషన్ ప్రకటిత విధానంలో విశ్వవిద్యాలయాలకు గరిష్ఠంగా 10 శాతం, స్వచ్ఛంద సంస్థలకు 15 శాతం. మరోవైపు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన వ్యవస్థ ఎన్‌ఐహెచ్ గ్రాంట్ల కోసం పెద్ద విశ్వవిద్యాలయాలు ప్రభుత్వంతో కుదుర్చుకునే రేట్లు చాలాచోట్ల 50 శాతం దాటుతాయి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఎవరు దుబారా చేస్తున్నారని అడగడం తేలికే గానీ, ఆ పోలిక సరికాదు. ప్రాజెక్టుకు నేరుగా ముడిపడిన కార్యాలయ స్థలం, నిర్వహణ వంటివాటిని ఫౌండేషన్ బడ్జెట్‌లో చాలావరకు ప్రత్యక్ష వ్యయంగా చూపవచ్చు. ప్రభుత్వ గ్రాంటులో అవే పరోక్ష వ్యయం కిందకు వెళతాయి. బ్రిటన్‌లో విశ్వవిద్యాలయాలకు వెల్‌కమ్ ట్రస్టు ఈ పరోక్ష వ్యయం చెల్లించదు. ఆ లోటులో కొంత భాగాన్ని ప్రభుత్వమే వేరే నిధి నుంచి పూడుస్తుంది. అంటే ఫౌండేషన్ తక్కువ రేటుతో నెట్టుకురాగలగడానికి, మిగిలినది ఇంకొకరు మోస్తుండటమే కారణం.

ఆ మోసేవారు తప్పుకుంటే ఏమవుతుందో 2025 ఫిబ్రవరిలో అందరికీ తెలిసింది. ఎన్‌ఐహెచ్ తన గ్రాంట్లలో పరోక్ష వ్యయాన్ని 15 శాతానికి కుదిస్తున్నట్టు ప్రకటిస్తూ, చాలా ప్రైవేటు ఫౌండేషన్లు ఇంతకు మించి ఇవ్వడం లేదు కదా అని వాటి రేట్లనే సమర్థనగా చూపింది. న్యాయస్థానాలు ఆ నిర్ణయాన్ని అడ్డుకున్నాయి. అయినా ఆ ఉదంతం ఫౌండేషన్లకు ఒక ఇబ్బందికరమైన ప్రశ్న మిగిల్చింది: పొదుపు పేరుతో తాము పెట్టుకున్న అంకె, తాము ఉద్దేశించకపోయినా, మొత్తం ఆరోగ్య పరిశోధనకు కోత పెట్టే ప్రయత్నానికి సాధనం అయింది. ఇంత జరిగాక కూడా పరిమితి శాతాన్ని మార్చకుండా, అసలు ఖర్చు ఎంతో అడగకుండా ఉండటం బాధ్యత అనిపించుకోదు. దరఖాస్తుదారు చేయగలిగింది, నిజమైన ఖర్చును లెక్కగట్టి, ప్రత్యక్షంగా చూపగలిగిన ప్రతి పైసానూ ప్రత్యక్ష వ్యయంగా చూపి, మిగిలిన లోటును ఎవరు భరిస్తున్నారో ఒక్క వాక్యంలో రాయడం. ‘ఆడిట్ ఖర్చు మా సాధారణ నిధి నుంచి’ అన్న వాక్యం ఉన్న బడ్జెట్, అన్నీ సరిపోయినట్టు చూపే బడ్జెట్ కంటే నమ్మదగినది.

సొమ్ము ఎవరిదన్న ప్రశ్న కూడా బడ్జెట్‌కు సంబంధించినదే. 2017లో సిగరెట్ల కంపెనీ ఫిలిప్ మోరిస్ ఇంటర్నేషనల్ ఏటా సుమారు 8 కోట్ల డాలర్ల చొప్పున 12 ఏళ్లు ఇస్తామన్న హామీతో ‘పొగరహిత ప్రపంచం’ పేరిట ఒక ఫౌండేషన్ ఏర్పడింది. దానితో కలిసి పనిచేయబోమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పుడే ప్రకటించింది. పొగాకు వంటి చోట నిర్ణయం సులువు. పంచదార పానీయాలు, మందుల కంపెనీల వాటాలు ఉన్నచోట గీత అంత స్పష్టంగా ఉండదు. మన పరిశోధన ఫలితం ఆ కంపెనీకి నచ్చకపోతే ప్రచురించే హక్కు మనకుందా అని ఒప్పందంలో వెతకడం అక్కడ కనీస జాగ్రత్త.

ఆఖరున ప్రతి ఫారంలోనూ ఉండే ప్రశ్న: గ్రాంటు ముగిశాక ఈ పని ఎలా కొనసాగుతుంది? దీనికి ‘సమాజ భాగస్వామ్యంతో స్వయం సమృద్ధి సాధిస్తాం’ అని రాసేవారికీ, చదివేవారికీ కూడా ఆ మాట మీద నమ్మకం ఉండదు. ఫౌండేషన్లే శాశ్వతం కావు. అట్లాంటిక్ ఫిలాంత్రపీస్ 2016తో గ్రాంట్లు ఆపి 2020లో మూతపడింది. గేట్స్ ఫౌండేషన్ 2045తో ముగుస్తుందని 2025 మేలో ప్రకటించింది. నిజానికి ఈ ప్రశ్నకు ఉన్న జవాబులు మూడే. పని పూర్తయి ముగుస్తుంది, లేదా ప్రభుత్వం తీసుకుంటుంది, అప్పుడు ఏ శాఖ, ఏ పద్దు కింద అన్నది చెప్పాలి, లేదా ఆగిపోతుంది. మూడోదాన్ని రాయడానికి అందరూ జంకుతారు. రక్తపోటు మందు జీవితాంతం వాడాల్సినవారితో పనిచేసే ప్రాజెక్టు మాత్రం దాన్ని తప్పక రాయాలి: ఎంతమంది రోగులను ఏ ఆసుపత్రికి అప్పగిస్తాం, వారి రికార్డులు ఎవరి చేతికిస్తాం, కొత్త చోట మందులు అందేవరకు మధ్యలో పట్టే రెండు మూడు నెలల మందుల ఖర్చు బడ్జెట్‌లో ఏ వరుసలో ఉంది అని.