భుజం మీద నిలవని బేతాళుడు

సంక్రాంతికి మా కాలనీలో కళోత్సవం. ఈసారి చేత్తో చేసిన బొమ్మల పోటీ పెట్టారు. చిన్నప్పుడు బొమ్మల పుస్తకాల్లో చూసిన పాత్రే చెయ్యాలి. వెనక వీధి మాస్టారు ఎర్ర తలపాగా, తెల్ల మీసాల చాచా చౌదరిని చేస్తున్నారని, పక్కన సాబూ కూడా ఉంటాడని తెలిసింది. నేనేం తక్కువ తిన్నానా? విక్రమార్కుడు, బేతాళుడు అని పేరిచ్చేశాను. 1947లో మొదలైన చందమామ మా నాన్న చేతిలోంచి నా చేతికొచ్చింది. అందులో శంకర్ గారు వేసిన ఆ బొమ్మ, చేతిలో కత్తి, భుజాన శవం, కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. కనిపించినంత తేలిగ్గా నిలబడదని తర్వాత తెలిసింది.

మా అమ్మమ్మ పాత కాగితాలూ మెంతులూ నానబెట్టి, రుబ్బి, ఆ గుజ్జుతో బుట్టలు చేసేది. నేనూ అదే దారి పట్టాను. మూడు కిలోల పేపర్లు, అరకిలో మెంతులు, మా ఆవిడ గ్రైండరు. ఎన్నిసార్లు కడిగినా నాలుగు రోజులు ఇడ్లీలు చేదుగానే వచ్చాయి. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. "షుగర్‌కి మంచిది, తినండి" అని ఇంకో రెండు వడ్డించింది.

వెదురు బద్దల మీద గుజ్జు మెత్తి రాజుగారిని నిలబెట్టాను. బేతాళుణ్ణి భుజాన వెయ్యగానే ఆయన వెల్లకిలా పడ్డారు. శవం బరువంతా వెనక్కే వేలాడుతుంది మరి. శంకర్ గారికేం, కాగితం మీద శవానికి బరువుండదు! కాస్త ముందుకు వంచితే బోర్లా పడ్డారు. పడ్డ ప్రతిసారీ నా నోట్లోంచి ఏదో ఒక మాట వచ్చేది. మా వాడు "నువ్వు మాట్లాడావు నాన్నా, అందుకే దిగిపోయాడు" అనేవాడు.

చివరికి ఉపాయం తట్టింది. బేతాళుడి కడుపులో వరిగడ్డి కూరి, పైన పల్చగా గుజ్జు పూశాను. తేలిగ్గా, బుద్ధిగా భుజాన పడుకున్నాడు. రంగులకి టైం లేదు. శవానికి ఆ బూడిద రంగే అందమని సర్దిచెప్పుకున్నాను.

పండగ పొద్దున రాజుగారికి నా పెళ్ళినాటి పట్టు కండువా కప్పి, బల్ల మీద నిలబెట్టి, కాఫీకి వెళ్ళాను. సన్నాయి వినిపించింది. గంగిరెద్దు! "రాజుగారికి దణ్ణం పెట్టు బసవన్నా" అనగానే అది విక్రమార్కుడి ముందు తల వంచింది. జనం చప్పట్లు కొట్టారు. వంచిన తల ఎత్తేసరికి దాని నోట్లో బేతాళుడి కాలుంది. లోపల వరిగడ్డి, పైన మెంతులు, పండగ పూట అంతకన్నా మంచి దాణా ఏముంటుంది? నేను పరిగెత్తుకొచ్చేలోగా నడుం దాకా అయిపోయింది. లాగబోతే మిగతాది కూడా ఊడి దాని వైపే వెళ్ళింది.

అంతలో న్యాయనిర్ణేతలు వచ్చారు. "రాజుగారు దర్జాగా ఉన్నారు. బేతాళుడేడండీ?"

నేను నోరు తెరవబోయాను. మా వాడు చెయ్యి గిల్లి, "మాట్లాడకు నాన్నా" అన్నాడు.

ఎద్దాయన బసవన్న మూతి తుడిచి, నాకు దణ్ణం పెట్టాడు. "కడుపు నిండా పెట్టారు, చల్లగా ఉండండి బాబూ. ఆ రాజుగారి కండువా కూడా ఇప్పిస్తే..."