పాల పంపుకి అంత తొందరేంటి?

కాన్పయి నాలుగు రోజులైనా కాని బాలింత చేతిలో బ్రెస్ట్ పంప్ పెట్టి "ఇప్పట్నుంచే పాలు పిండి దాచుకో, తర్వాత నీకే పనికొస్తాయి" అని చెప్పేవాళ్లని చూస్తే నాకు కోపం వస్తోంది. మంచికే చెబుతారు, కాదనను. కానీ ఆ మాట పట్టుకుని, నిద్రకి మొహం వాచిన మనిషి బిడ్డ పడుకున్న ఆ కాస్త సేపు కూడా మెషిన్ పెట్టుకుని కూర్చుంటుంది. సీసా అడుగున నాలుగు చుక్కలు కనబడేసరికి "నాకు పాలు లేవు" అని ఏడుపు మొదలు.

పాలు లేకపోవడం కాదండీ అది. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చెంచాల లెక్కలోనే వస్తాయి, ఎందుకంటే మొదటి రోజు బిడ్డ ఒక్కోసారి తాగేదే ఐదారు మిల్లీలీటర్లు. పైగా అవి ఎంత చిక్కగా ఉంటాయంటే, పంపుతో తీస్తే కప్పుకీ సీసా గోడలకీ అంటుకుని అక్కడే ఉండిపోతాయి. అవసరమైతే చేత్తో నేరుగా చెంచాలోకి పిండి బిడ్డకి పట్టడం మేలు. పాలు పడేది సాధారణంగా రెండో రోజుకీ ఐదో రోజుకీ మధ్య. అప్పటిదాకా పంపు చూపించే లెక్కకి అర్థమే లేదు.

బిడ్డ నెలలు నిండి పుట్టి, మీ పక్కనే ఉండి, రోజుకి 8 నుంచి 12 సార్లు బాగా తాగుతుంటే, మొదటి నాలుగు వారాలు పంపుని పెట్టెలోనే ఉండనివ్వండి. ఇది నా గట్టి అభిప్రాయం, దానికి కారణం కూడా ఉంది. రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ పాలు ఎక్కువ ఊరతాయి, నిండుగా ఉండిపోతే ఊరడం తగ్గుతుంది. తల్లి శరీరానికీ బిడ్డ ఆకలికీ ఈ లెక్క కుదరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా బిడ్డ తాగాక మళ్లీ పంపు పెట్టి లాగుతూ ఉంటే, ఇద్దరు బిడ్డలున్నారేమో అన్నట్టు శరీరం అంత పాలూ తయారుచేస్తుంది. ఎక్కువుంటే మంచిదేగా అంటారు. రొమ్ములు రాయిలా గట్టిపడి, చనుమొన చుట్టూ బిగుసుకుపోయి, బిడ్డ నోటికి అందక ఇద్దరూ ఏడుస్తుంటే తెలుస్తుంది ఆ మంచి ఏంటో. వాపు, జ్వరం కూడా రావచ్చు. అలా గట్టిపడినప్పుడు మొత్తం ఖాళీ చేసేద్దామని పంపు పెట్టకండి, చనుమొన చుట్టూ మెత్తబడేంత వరకూ చేత్తో కొద్దిగా పిండి బిడ్డకి పట్టండి.

ఇప్పుడు రెండో వైపు. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, నా బాధంతా ఇక్కడే.

నెలలు నిండకుండా పుట్టి బిడ్డ ఐసీయూలో ఉంటే, లేదా పక్కనే ఉన్నా అసలు రొమ్ము పట్టకపోతే, నాలుగు వారాల మాట మర్చిపోండి. ఆ తల్లి కాన్పయిన మొదటి గంటలోనే, కుదరకపోతే ఆరు గంటల లోపు పిండడం మొదలుపెట్టాలి. తర్వాత రోజుకి కనీసం ఎనిమిది సార్లు, రాత్రి ఒక్కసారైనా. సిజేరియన్ అయినా సరే, మంచం మీద పడుకునే చేత్తో తీయొచ్చు, పక్కన ఉన్నవాళ్లు సాయం పట్టాలి. కానీ జరిగేదేంటి? "బిడ్డ నీ దగ్గర లేదుగా, ముందు రెస్ట్ తీసుకో" అంటారు, రెండు రోజులు అలా గడిచిపోతాయి, మూడో రోజు ఎవరో వచ్చి పాలు ఏవని అడుగుతారు. పాలు బాగా పడాలంటే ఆ మొదటి గంటలూ రోజులే ముఖ్యమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఎవరికి అక్కర్లేదో వాళ్ల చేతిలో పంపు పెడుతున్నాం, ఎవరికి కావాలో వాళ్లని పడుకోమంటున్నాం!

ఇక ఉద్యోగానికి వెళ్లాల్సినవాళ్లు. తిరిగి చేరే రోజుకి రెండు మూడు వారాల ముందు మొదలుపెడితే సరిపోతుంది. పొద్దున బిడ్డ మొదటిసారి తాగాక పెట్టుకోండి, చాలామందికి ఆ టైంలోనే ఎక్కువ వస్తాయి. బిడ్డ తాగిన తర్వాత తీస్తున్నారు కాబట్టి 30 నుంచి 60 మిల్లీలీటర్లు వస్తే చాలా బాగా వచ్చినట్టే, 15 వచ్చినా కంగారొద్దు. నెల నుంచి ఆరు నెలల మధ్య తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకి రోజంతా కలిపి కావాల్సింది సగటున 750 మిల్లీలీటర్లు. మీరు బయట ఉండే గంటలకి అందులో కొంత భాగమే కదా. ఫోన్‌లో కనిపించే ఫ్రీజర్ ఫోటోలు, వరసగా పేర్చిన పాల ప్యాకెట్లు చూసి టెన్షన్ పడకండి. మొదటి రోజుకి సరిపడా, ఇంకాస్త మిగులు ఉంటే చాలు, మర్నాటికి కావాల్సినవి ఆఫీసులో తీసినవే అవుతాయి. తీసిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో ఆరు నెలల వరకూ ఉంటాయి.

పాలు చాలుతున్నాయా లేదా అన్నది సీసాని చూసి తేల్చుకోవద్దు. బిడ్డ లాగినట్టు ఏ మెషినూ లాగలేదు, మనసు కుదురుగా లేకపోతే పాలు చేపుకి కూడా రావు. ఐదో రోజు దాటాక రోజుకి ఆరు సార్లకి పైగా డైపర్ తడుస్తోందా, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి వచ్చిందా, అవి చూడండి. అక్కడ తేడా ఉంటే వెంటనే డాక్టర్‌కి చూపించండి.

పంపు పెట్టుకుంటే నొప్పి వస్తుంటే మాత్రం ఓర్చుకోకండి. చనుమొనకి పెట్టే ఆ కప్పు అందరికీ ఒకే సైజు సరిపోదు, డబ్బాలో వచ్చింది మీకు పెద్దదో చిన్నదో అయ్యుండొచ్చు. సైజు మార్చి, స్పీడు తగ్గించి చూడండి, అప్పటికీ తగ్గకపోతే పాలిచ్చే తల్లులకి సలహా చెప్పే నర్సుకో డాక్టర్‌కో చూపించుకోండి.