రోజూ లక్ష పురుళ్లు పోసే ఇల్లు

చెన్నైలో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు మాంసం తింటారా, కుక్కని పెంచుతారా అని అడుగుతారు గానీ ఆర్టీమియా (చేపపిల్లలకు మేతగా వేసే, రొయ్యలాంటి బుల్లి ఉప్పునీటి ప్రాణి) పొదిగిస్తారా అని ఎందుకు అడగరో నాకు అర్థం కాదు. వంటగది గట్టు పక్కన అడుగు కోసిన కూల్‌డ్రింక్ సీసా తలకిందులుగా వేలాడుతూ, అందులో ఎయిర్ పంపు రాత్రంతా గుడగుడమంటూ, పైన లైటు ఆరకుండా వెలుగుతూ ఉండే ఇంటిని మామూలు కాపురం అనడానికి వీల్లేదు. అది ప్రసూతి ఆసుపత్రి. దానికి తగ్గ గుర్తింపు ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

తెలియనివాళ్ల కోసం సంగతి చెప్తాను. గప్పీ అనే చిన్న రంగుచేపల పిల్లలకు పొడి మేత వేస్తే తింటాయి, బతుకుతాయి కూడా. అదే కళ్ల ముందు కదిలే ఆర్టీమియా పిల్లల్ని వేస్తే ఎగబడి తింటాయి, ఇంకా తొందరగా పెరుగుతాయి. ఈ "ఇంకా తొందరగా" కోసమే కొళత్తూరు నుంచి వేళచ్చేరి దాకా ఎందరో గృహస్థులు నిద్ర మానుకున్నారు. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు అని ఇంట్లోవాళ్లు అంటే అననివ్వండి.

పేరున్న ఆర్టీమియా గుడ్లు అమెరికాలో యూటా రాష్ట్రం నుంచి, గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పు సరస్సు నుంచి వస్తాయి. హైదరాబాద్‌కి కాన్సులేట్ రాకముందు మన పిల్లలు వీసా కోసం జెమినీ ఫ్లైఓవర్ పక్కన గంటలకొద్దీ నిలబడ్డ ఊరికి, ఇవి మాత్రం ఏ ఇంటర్వ్యూ లేకుండా డబ్బాల్లో వచ్చి దిగుతాయి. ఉప్పు ఒక్కటే స్వదేశీ. అది కూడా కల్లుప్పే అయ్యుండాలని పెద్దల ఆజ్ఞ. అయోడిన్ కలిపిన ప్యాకెట్ ఉప్పుతోనూ పిల్లలు వస్తాయి, కానీ ఆ మాట పైకి అంటే వెలివేస్తారు.

ఈ గుడ్డు సామాన్యమైనది కాదు. ఒంట్లో నీరంతా పోయి, ఊపిరి ఆడుతోందో లేదో తెలియనంతగా ఎండిపోయి ఏళ్ల తరబడి పడుంటుంది. 1972లో అపోలో 16లో ఎక్కి చంద్రుడి చుట్టూ తిరిగి వచ్చింది. అంతరిక్షానికి జడవని ఆ గుడ్డు, మూత సరిగ్గా బిగించని డబ్బాలో చెన్నై ఉక్కకి నాలుగు వారాలు తట్టుకోలేదు. అమెరికాలో దీన్నే 1960ల నుంచి 'సీ మంకీస్' అని పిల్లల ఆటకి అమ్మారట. మనం పెద్దవాళ్లం కాబట్టి సీరియస్‌గా చేస్తాం.

లీటరు నీళ్లకు సుమారు 30 గ్రాముల ఉప్పు, చిటికెడు వంటసోడా, ఒక గ్రాము గుడ్లు. గ్రాములో 2 నుంచి 3 లక్షల గుడ్లుంటాయి. కావలసిన వేడి 26 నుంచి 28 డిగ్రీలు, అది చెన్నై ఉచితంగానే ఇస్తుంది, ఒక్కోసారి పైన కొసరు కూడా వేస్తుంది. అక్కణ్నుంచి ఒక రోజు కాపలా. అప్పుడు పంపు ఆపి, గది చీకటి చేసి, సీసా అడుగున ఫోన్ టార్చి పెట్టాలి. పొట్టు పైకి తేలుతుంది, పొదగనివి కిందకి దిగుతాయి, అర మిల్లీమీటరైనా లేని నారింజ రంగు ప్రాణులు వెలుగు దగ్గరికి గుంపుగా చేరతాయి. గొట్టంతో లాగి, పల్చటి గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వేస్తే అయిదు నిమిషాల్లో గప్పీ పిల్లల పొట్టలు బయటికి కూడా నారింజ రంగులో కనబడతాయి. నిజం చెప్పాలంటే అంత బాగుంటుంది, ఇంత తతంగం ఎందుకో ఆ అయిదు నిమిషాలు గుర్తురాదు.

మేతగా వెయ్యడం ఆలస్యమైందా, పుట్టిన ఆర్టీమియా పిల్లలు తమ ఒంట్లోని పచ్చసొన తామే కరగదీసుకుని బలం పోగొట్టుకుంటాయి. కాబట్టి ఆఫీసు మీటింగులు, పెళ్లి ముహూర్తాలు ఇకపై సీసా టైము చూసి పెట్టుకోవాలి. పిల్లలు దిగే రోజు సగం జీతం సెలవు, కరెంటు పోతే పంపుకి ఇన్వర్టరు రాయితీ న్యాయమైన కోరికలే. మైల సంగతి మాత్రం పురోహితులు తేల్చాలి, రోజూ లక్ష పురుళ్లు జరిగే ఇంట్లో పదకొండో రోజు ఎప్పుడొస్తుందో లెక్క తేలదు.

నెల్లూరు నుంచి వచ్చిన మా మేనమామ సీసా చూసి, "ఏందిరా అబ్బయా ఇది? మా దగ్గర రొయ్యల హేచరీల్లో డబ్బాలకి డబ్బాలు పోస్తారు, వాళ్లెవరూ ఇంత సంబరం చేయరే" అన్నాడు. వాళ్లు వనామీ రకం రొయ్యపిల్లలు అమ్మి డబ్బు సంపాదిస్తారని, నేను సేవ చేస్తున్నానని ఆయనకి మర్యాదగా చెప్పాను.

సేవ అని ఊరికే అనలేదు. పెరిగిన గప్పీలను సంచిలో పోసుకుని ఆదివారం కొళత్తూరు రంగుచేపల షాపులకి తీసుకెళ్తే షాపతను లెక్కేసి, డబ్బులు కాకుండా సరుకు తీసుకోండి సార్ అన్నాడు. గుడ్ల డబ్బా ఇచ్చాడు. పైన ఇంకో ఆరు వందలు నన్నే ఇవ్వమన్నాడు.