కలం తాకని కలంకారీ

ఆగస్టు 7 వస్తే చాలు, వేదికల మీద కలంకారీ కండువాలు రెపరెపలాడతాయి. (కలంకారీ నేత కాదు, రాత. చేనేత దినోత్సవంలో ఆ సంగతి ఎవరికి పట్టింది!) ఆ కండువాను ఒక్కసారి తిరగేసి చూడండి. గీత వెనక్కి ఇంకకుండా వెలవెలబోతుంటే అది చాలావరకు యంత్రం ముద్రే. దాన్నీ కలంకారీ అనే అమ్ముతున్నారు. మా పేచీ గుడ్డతో కాదు, దానికి తగిలించిన పేరుతో.

శ్రీకాళహస్తిలో దీన్ని వ్రాతపని అంటారు. కలం అంటే వెదురు పుల్ల. మొనకు కాస్త పైన ఉన్నో గుడ్డపీలికో చుట్టి దారంతో బిగిస్తారు. రంగు పీల్చుకున్న ఆ చుట్టను వేళ్లతో నొక్కేదాన్ని బట్టి గీత సన్నమో లావో అవుతుంది. అంతకుముందే గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరేస్తారు. పాలు పడకపోతే రంగు పాకి, దేవుడి కన్ను కాస్తా మరక అవుతుంది. నలుపు కోసం తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియాలి. ఎరుపు కావాల్సిన చోట పటిక పూసి, ఆపైన పారే నీళ్లలోనే జాడించాలి. నిలవ నీళ్లలో ముంచితే వదిలిన పటిక పక్కకు అంటి, ఎర్ర రంగులో ఉడికించినప్పుడు అక్కరలేని చోట కూడా ఎర్రబడుతుంది.

మచిలీపట్నం దగ్గరి పెడనది అద్దకం. అక్కడ కలం లేదు, చెక్క అచ్చులే. అయినా చేతి పనే. అచ్చుకూ అచ్చుకూ మధ్య వెంట్రుకవాసి తేడా వస్తుంది. కొనేవాళ్లు ఆ తేడాను లోపమని తీసి పక్కనబెట్టి, నిజంగానే అచ్చుగుద్దినట్టున్న యంత్రం సరుకును ఏరుకుంటున్నారు.

చవకైతే నలుగురూ కట్టుకుంటారన్న వాదన ఉంది. కట్టుకోనివ్వండి. ‘ప్రింటు చీర’ అని రాసి అమ్మండి. కలంకారీ అన్న పేరు మాత్రం వదిలేయండి.

రెండు ఊళ్ల పనికీ (పెడనది మచిలీపట్నం పేరుతో) భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేర్లను కాపాడే 1999 నాటి చట్టమూ ఉంది. ఊరి పేరు ఎగరగొట్టి ఉత్త ‘కలంకారీ’ అని చీటీ అంటిస్తే అడిగే నాథుడు లేడు. ఇవాళ ఈ పేరు పోనిస్తే రేపు చేర్యాల పటం పేరు, ఎల్లుండి నిర్మల్ బొమ్మ పేరు. 2008లో శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టికి పద్మశ్రీ ఇచ్చింది కలం పట్టినందుకే కదా! సన్మానాలకు కండువాలు కొనే శాఖలు టెండరులో ‘చేత్తో గీసినది’ అని ఒక్క ముక్క రాయలేవా? వచ్చిన సరుకును తిరగేసి చూసే గుమాస్తా ఒక్కడైనా లేడా?