ముక్కు చూసి మతం చెప్పేవాళ్లకు

నిన్న రాత్రితో ఆరోసారి. నేను మైనంతో బొమ్మలు వేస్తానని తెలిసిన పాపానికి అందరూ ఆ మెసేజి నాకే పంపుతున్నారు. పెద్ద కళ్లు, ఉంగరాల జుట్టు, గడ్డం ఉన్న ఒకాయన బొమ్మ. కింద ఇలా ఉంటుంది: "ఇవి 2000 ఏళ్లనాటి యూదుల అసలు ముఖాలు, ముక్కు చూస్తేనే తెలుస్తుంది. బొమ్మలు నిషిద్ధం కాబట్టి రహస్యంగా తేనెమైనంతో గీసుకున్నారు. దూరా యూరోపస్ సమాజమందిరం (యూదుల ప్రార్థనా మందిరం) గోడల మీదా మైనమే. ఈ రంగులు ఎన్నటికీ చెడవు. ఆ చరిత్రను గీయడానికి మైనమే తగింది."

ఎన్నటికీ చెడవా? మే నెలలో ఒక బొమ్మను కారులో వదిలేసి మధ్యాహ్నం వెళ్లి చూడండి.

సిరియాలోని ఆ పాత పట్టణం దూరాలో గోడల మీద మైనం లేదు. ఆరిన గచ్చు మీద వేసిన టెంపెరా అది, అంటే జిగురు పదార్థంలో కలిపిన రంగు. ఇక రహస్యమా! పైకప్పు పెంకు మీద క్రీ.శ. 244-45 నాటి తేదీ, కట్టించిన పెద్ద సమూయేలు పేరు అరమాయిక్‌లో రాసుకున్నారు. దొంగచాటుగా పనిచేసేవాడు పేరు చెక్కించుకుంటాడా? హాలు నిండా బైబిలు కథల బొమ్మలు: ఎస్తేరు, యెహెజ్కేలు, ఎర్రసముద్రం దాటే జనం. ఒకచోట నైలు నీళ్లలో బట్టల్లేకుండా నిలబడ్డ స్త్రీ పసి మోషేను ఎత్తిపట్టుకుని ఉంటుంది. ప్రార్థన చేసుకునే గోడ మీద! ససానియన్ల (పర్షియా రాజుల) ముట్టడికి కాచుకోవడానికి కోటగోడ వెంబడి మట్టి పోశారు, మందిరం ఆ మట్టి కింద పూడిపోయింది. 1932లో తవ్వి తీశారు, ఇప్పుడు డమాస్కస్ మ్యూజియంలో ఉంది.

నిషేధం మాటలో మాత్రం సగం నిజముంది, ఒప్పుకుంటాను. యూదుల రాజు హేరోదు యెరూషలేము దేవాలయ ద్వారం మీద పెట్టించిన బంగారు గద్దను కుర్రాళ్లు గొడ్డళ్లతో నరికేశారని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. ఆ రోజుల్లో పట్టింపు అంత గట్టిది. కానీ ఆరో శతాబ్దం నాటికి ఇజ్రాయెల్‌లోని బేత్ ఆల్ఫా యూదు మందిరం నేల మీద పన్నెండు రాశులు, మధ్యలో నాలుగు గుర్రాల రథంలో సూర్యుడు! ఎప్పటి మాట మాట్లాడుతున్నామో చెప్పకుండా "నిషిద్ధం" అనేస్తే ఎలా?

ఇక ముక్కు. నాకు మండేది ఇక్కడే. ఆ ఫొటో ఈజిప్టులోని ఫయూం ప్రాంతపు ముఖచిత్రాల్లో ఒకటి. అలాంటివి సుమారు 900 దొరికాయి. కొన్ని మైనంతో, కొన్ని టెంపెరాతో పలచటి చెక్క మీద గీసి, చనిపోయినవాళ్ల మమ్మీ ముఖం దగ్గర గుడ్డపట్టీల మధ్య బిగించేవాళ్లు. బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ 1888లో ఫయూంలోని హవారాలో బయటికి తీసినవి ఇలా మమ్మీలకు కట్టినవే. పక్కన ఈజిప్టు దేవతలు ఒసిరిస్, ఐసిస్‌లను పెట్టుకుని మమ్మీ చేయించుకున్న మనిషిని యూదుడని చెప్పడానికి మీ దగ్గరున్న సాక్ష్యం ముక్కు ఒక్కటే. ఫయూంలో యూదులు లేరనడం లేదు, ఉన్నారు, పపైరస్ పత్రాల్లో వాళ్ల పేర్లున్నాయి. పేరు దొరికితే పేరు చూపించండి. మా పెదమామయ్య ముక్కు అచ్చం ఆ బొమ్మలోదే, ఆయనది గుడివాడ.

నవ్వులాటకు అనడం లేదు. 1938లో జర్మనీలో నాజీ ప్రచారకుడు యూలియస్ ష్ట్రైఖర్ సంస్థ అచ్చువేసిన పిల్లల పుస్తకంలో ఒక తరగతి గది ఉంది. యూదుడి ముక్కు '6' అంకెలా వంగి ఉంటుందని నల్లబల్ల దగ్గర కుర్రాడు చూపిస్తుంటాడు. పాఠం అదే, మీరు దానికి నమస్కారం ఎమోజీ తగిలించి పంపుతున్నారు. మెచ్చుకోలుగా అన్నాం అంటారేమో! మెచ్చుకున్నా తిట్టినా కొలబద్ద ముక్కే కదా?

ఆ మెసేజిలో 'మైనమే తగింది' అన్న చివరి వాక్యం చూసి మొదట నవ్వాను, తర్వాత నవ్వు ఆగింది. ఎలక్ట్రిక్ పెనం మీద తేనెమైనం, డమార్ (చెట్టు బంక) కలిపి కరిగిస్తాను. చెక్కపలక మీద ముందు హీబ్రూ అక్షరం 'షీన్' నల్లరంగుతో గీశాను. దాని మీద తెలుపు, ఇటుకరంగు, మళ్లీ తెలుపు, ప్రతి పొరా వేడిగాలితో కిందిదానికి అంటించాను. నిన్న ఆ ఆరో మెసేజి చదివాక కోపంతో బ్లేడు పట్టుకుని గీకితే ఇటుకరంగు దాటాక ఆ అక్షరంలో మూడు కొమ్మల్లో ఒకటి బయటపడింది, కాస్త చెదిరి, పాత గోడలోంచి వచ్చినట్టు. దీనికి మైనమే తగిందన్నవాళ్లు ఆ ఒక్క ముక్కా సరిగ్గానే అన్నారు. మిగతా రెండు కొమ్మలు ఈ ఆదివారం తీస్తాను.