వాయుగుండం తీరం దాటేదెప్పుడు?

విశాఖపట్నం వాళ్లకి వాతావరణ శాఖ భాష పుట్టుకతోనే వస్తుంది. గాలి గంటకి 31 కిలోమీటర్ల లోపు వీస్తే అల్పపీడనం, 49 దాకా వాయుగుండం, 61 దాకా తీవ్ర వాయుగుండం, 62కి చేరితే తుపాను. మా వీధి చివర ఇస్త్రీ బండి అతను కూడా ఈ ఎక్కం అప్పజెబుతాడు. ఇంత చైతన్యం ఉన్న ఊళ్లో, నా బెల్టుకి రెండంగుళాల ఎగువన ఏడాదిన్నరగా కేంద్రీకృతమై ఉన్న వాయుగుండం మీద మాత్రం ఒక్క బులెటినూ రాలేదు. అది సాయంత్రం ఆరింటికి ఏర్పడుతుంది. రాత్రి భోజనంతో బలపడుతుంది. పదకొండింటికి ఉన్నచోటే నిలబడిపోయి, తీరం దాటకుండా, నన్నూ మా ఆవిడనీ నిద్రపోనివ్వదు.

ప్రభుత్వాలు పట్టించుకోని చోట పౌరుడే పూనుకోవాలి. నేను పూనుకున్నాను. ముందుగా నిపుణుల సలహా తీసుకున్నాను.

మా ఊళ్లో నిపుణులు తెల్లవారుజామున బీచ్ రోడ్డులో, కురుసుర సబ్‌మెరైన్‌కి కాస్త ఇవతల, సిమెంటు బెంచీల మీద దొరుకుతారు. (లోపల గాలి నింపితే పైకి తేలే వస్తువు అక్కడ అదొక్కటే కాదని వాళ్లని చూస్తే తెలుస్తుంది.) ఫీజు లేదు, టోకెన్ లేదు, మీ గోడు పూర్తిగా వినాలన్న పట్టింపు అసలే లేదు. "పాలు మానెయ్యండి మాస్టారూ" అన్నారొకరు. "పాలు కాదండీ, గోధుమ" అన్నారు ఇంకొకరు. మూడో ఆయన రెండేళ్లుగా వంకాయ ముట్టలేదట. ఏమైనా తగ్గిందా అని అడిగాను. "తగ్గలేదు గానీ, ముట్టుకుని ఉంటే ఇంకెంత పెరిగేదో ఎవరు చెప్పొచ్చారు?" అన్నారు. ఆ తర్కం ముందు నోరెత్తలేకపోయాను.

అక్కడే నాకు ఒక సామాజిక సత్యం బోధపడింది. పూర్వం నలుగురు చేరితే అబ్బాయి ఎక్కడ పనిచేస్తున్నాడో, అమ్మాయి ఏ దేశంలో ఉందో చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు ఏం తినడం మానేశారో చెప్పుకుంటున్నారు. ఒకటి మానేసినవాడికి బెంచీ చివర చోటు. ఐదు మానేసినవాడికి మధ్యలో. ఏదీ మానకుండా హాయిగా అరిగించుకునేవాడు నిలబడే ఉండాలి.

నేను చివర నుంచి మొదలుపెట్టాను. అంటే పాలు.

ఇందులో శాస్త్రం లేకపోలేదు. పాలలోని లాక్టోజ్‌ని విరగ్గొట్టే లాక్టేజ్ అనే ఎంజైమ్ పసితనం దాటాక చాలామందిలో తగ్గిపోతుంది. ప్రపంచంలో దాదాపు మూడింట రెండొంతుల మందిది ఇదే కథ, మన దేశంలో ఉత్తరాదికన్నా దక్షిణాదిన ఎక్కువ. అయితే ఆ తగ్గినవాళ్లలోనూ చాలామంది కాఫీలో పోసుకునే పాలని ఏ గొడవా లేకుండా అరిగించుకుంటారు. పెరుగులో లాక్టోజ్‌ని కొంతవరకూ తోడు సూక్ష్మజీవులే మనకంటే ముందు తినేసి ఉంటాయి. ఈ సంగతి నాకప్పుడు తెలియదు. తెలిసినా ఒప్పుకునేవాణ్ణి కాను. సగం మానేసినవాడికి బెంచీ మీద ఏం గౌరవం ఉంటుంది? డికాక్షన్ నీళ్లు, చారన్నంతో ముగించిన భోజనం, ఇలా నెల గడిచింది. వాయుగుండం అంగుళం కదల్లేదు.

తర్వాత గోధుమ. ఉప్మా పోయింది, చపాతీ పోయింది, చుట్టాలు తెచ్చిన మాడుగుల హల్వా డబ్బా మూత తీయకుండానే పక్కింటికి పోయింది. ఆ బాధలో కూడా ఓ ఆనందం ఉంది: 'గ్లూటెన్ ఫ్రీ' (అంటే గోధుమల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ లేదని) ముద్రవేసిన ఇడ్లీ రవ్వ కొన్నాను. మా అమ్మమ్మ డెబ్బై ఏళ్లు ఆ ముద్ర లేని రవ్వే తిని, తాను గ్లూటెన్ ఫ్రీ అన్న సంగతి తెలియకుండానే వెళ్లిపోయింది, పాపం. ఈ దీక్షలో ఉండగానే గ్యాస్‌కి మంచిదని అన్నిట్లోనూ గుప్పించిన ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చూశాను. పొడి ఇంగువలో చాలావరకూ పిండే కలుపుతారు, నా డబ్బాలో కలిపింది గోధుమపిండి. ద్వారపాలకుడే దొంగ! అసలు గ్లూటెన్ సరిపడని సీలియాక్ జబ్బు ఉందో లేదో తేలాలంటే గోధుమ తింటూ ఉండగానే రక్తపరీక్ష చేయించుకోవాలట. నేను ముందు మానేసి, ఆధారాలన్నీ చెరిపేసి, తర్వాత కేసు పెట్టాను.

ఇక ఉల్లి. ఇక్కడ మెల్‌బోర్న్ ప్రస్తావన తప్పదు. అక్కడి మోనాష్ యూనివర్సిటీ వాళ్లు 2005లో ఫాడ్‌మ్యాప్ అనే మాట లోకం మీదకి వదిలారు. చిన్నపేగులో సరిగ్గా ఇంకని కొన్ని రకాల పిండిపదార్థాలకి అది ఉమ్మడి పేరు. అవి పెద్దపేగుకి చేరితే అక్కడి సూక్ష్మజీవులు పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ తయారుచేస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఉండే ఫ్రక్టాన్లు ఆ జాబితాలో పైవరసలోనే ఉంటాయి. అందుకని ఉల్లి, వెల్లుల్లి రెండింటికీ ఒకే రోజు బహిష్కరణ.

రైతుబజారులో ఉల్లిపాయల ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. "ఏటి బాబూ, వారం నుంచి కొనట్లేదు. కార్తీకం ఎప్పుడో అయిపోనాది కదా?" ఫ్రక్టాన్ల గురించి చెప్పబోయాను. "ఏదైతేనేటి, మొక్కు మంచిదే" అని దణ్ణం పెట్టింది. ఇంట్లో మా అమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. "ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చెయ్యదంటారు కదరా. ఉల్లినే గెంటేసినోడివి, నన్నెప్పుడు గెంటేస్తావో చెప్పు, బట్టలు సర్దుకుంటాను" అంది.

ఆ తర్వాత పప్పులో కాలేశాను. శనగలు, రాజ్మా, కందిపప్పు లాంటి వాటిలోని రాఫినోజ్ వంటి చక్కెరల్ని అరిగించే ఎంజైమ్ మనుషుల పేగుల్లో లేనే లేదని చదివాను. నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతాయని, ఇడ్లీ పిండి రాత్రంతా పులిస్తే మినుముల్లోనివీ తగ్గుతాయని అదే పేజీలో కింద రాసి ఉంది. నేను సగం పేజీ చదివి పప్పు మానేశాను. ఆకలి తట్టుకోలేక, పేగులకి మంచిదని అట్ట మీద రాసి ఉన్న బారు ఒకటి కొనుక్కుని తిన్నాను. అందులో చికోరీ వేరు నుంచి తీసిన పీచు ఉంది. అదీ ఫ్రక్టానే. ఆ రాత్రి వాయుగుండం తీవ్ర వాయుగుండమైంది.

మా ఆవిడ 11వ నంబరు హెచ్చరిక ఎగరేసింది. పోర్టు భాషలో దానర్థం, తుపాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

ఇంత జరిగాక శాస్త్రీయంగా వెళ్దామని ఓ ల్యాబ్‌లో రక్తం ఇచ్చాను. ఏ తిండి పడదో ఐజీజీ (రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ) పరీక్షలో తేలిపోతుందన్నారు. రంగురంగుల రిపోర్టు వచ్చింది. ఎర్రగీతల్లో బియ్యం, చింతపండు, కోడిగుడ్డు, వేరుశనగ. నేను రోజూ తినేవన్నీ ఎరుపు, జన్మలో చూడని బ్లూబెర్రీ ఆకుపచ్చ! తర్వాత తెలిసింది, ఐజీజీ చెప్పేది ఆ తిండితో ఒంటికి పరిచయం ఉందని మాత్రమే, పగ ఉందని కాదట. తిండి పడకపోవడాన్ని తేల్చడానికి ఈ పరీక్ష పనికిరాదని యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే చెప్పింది. కానీ వాళ్ల రిపోర్టులో రంగులు లేవు కదా, ఎవరు చదువుతారు?

అప్పటికి నా కంచంలో మిగిలినవి క్యారెట్టు, బెండకాయ, ఆత్మగౌరవం. రిపోర్టు ఎరుపంటున్నా బియ్యాన్ని మాత్రం వదల్లేకపోయాను. నాలుగు కిలోలు తగ్గాను. బెంచీ మీద సరిగ్గా మధ్యలో చోటిచ్చారు. ఓ పెళ్లిలో పనసపొట్టు కూర, జీడిపప్పు ఉప్మా, మామిడిపండ్ల ముందు ఖాళీ కంచంతో నిలబడితే, "ఏవండీ, ఉపవాసమా?" అని పురోహితుడే అడిగాడు.

చివరికి మా ఆవిడ సంబంధాలు పునరుద్ధరించి, నన్ను కడుపు డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ ముందు అడిగినవన్నీ భయపెట్టే ప్రశ్నలే: విరేచనంలో రక్తం పడుతోందా, తినడం తగ్గించకముందే బరువు తగ్గారా, రక్తహీనత ఉందా, రాత్రి నొప్పికి మెలకువ వస్తోందా. అన్నిటికీ లేదన్నాను. నా సమాధానాలతో సరిపెట్టుకోకుండా రక్తపరీక్షలు రాసింది. ఆ తర్వాత, "భోజనం ఎంతసేపు చేస్తారు?" అంది.

నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ అందుకుంది. "ఏడు నిమిషాలండీ. టీవీలో చర్చ నడుస్తుంటే ఐదు. రాత్రి పదింటికి తింటారు. పైన సోడా."

ఆ సోడా సంగతి నేను బెంచీ మీద ఎవరికీ చెప్పలేదు. వాళ్లూ అడగలేదు. మానేయాల్సినవాటి జాబితాలో సోడా లేదు మరి, అది మందు కింద లెక్క.

పరీక్షలన్నీ బాగానే వచ్చాక డాక్టరమ్మ ఓ డైటీషియన్ దగ్గరికి పంపింది. ఆ అమ్మాయి చెప్పింది విని నాకు తల తిరిగింది. ఫాడ్‌మ్యాప్ పద్ధతిలో మానేయడం రెండు నుంచి ఆరు వారాలేనట! ఆ తర్వాత ఒక్కో రకాన్నీ విడిగా, మూడేసి రోజులు కొంచెం కొంచెంగా పెంచుతూ తిని చూడాలి. పడితే ఉంచుకోవాలి, పడకపోతే ఎంతవరకూ పడుతుందో చూసుకోవాలి. నేను ఏడాదిన్నరగా చేసింది మొదటి అంకం మాత్రమే. పైగా వెల్లుల్లి రెబ్బల్ని నూనెలో వేయించి తీసేస్తే వాసన తాలింపులో నిలుస్తుందట, ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి గానీ నూనెలో కరగవు కాబట్టి. ఏడాదిన్నర చప్పిడి తిండి తిన్న మనిషికి చెప్పాల్సిన మాటలా ఇవి?

నేను గట్టిగానే వాదించాను. తీసేసినదాన్ని మళ్లీ పెట్టడం మన సంప్రదాయంలో లేదన్నాను. మా జంక్షన్‌లో అడ్డంపెట్టిన డైవర్షన్ బోర్డుని ఎవరైనా తీయగా చూశామా అని అడిగాను. గాలి పోవడం గురించి నిలదీస్తే, రోజుకి 25 సార్ల వరకూ మామూలేనంది. నేనింతకాలం దాన్ని వ్యాధి కింద జమకట్టాను.

మర్నాడు బెంచీ దగ్గర నిజాయతీగా ప్రకటించాను: సోడా మానేశాను, ఉల్లి తింటున్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "సోడా ఒకటేనా?" అన్నారు వంకాయాయన, జాలిగా. నా చోటులోకి ఎవరో జరిగారు. నిలబడే వాకింగ్ ముగించాను.

ఆ సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి ముందు నిలబడి శనగలు వద్దని, ఉల్లి ఒక్కటే చెంచాడు వేయమని చెప్పాను. ఒకేసారి ఇద్దరు ముద్దాయిల్ని విచారించకూడదు కదా. బండతను నా మొహం చూసి ఏమీ అడగలేదు. సముద్రం వైపు తిరిగి, ఒక్కో మెతుకూ నములుతూ ఇరవై నిమిషాలు తిన్నాను. మా ఆవిడ ఫోన్‌లో టైము చూస్తూ నిలబడింది.

రాత్రి పదకొండూ పది ప్రాంతంలో వాయుగుండం బలహీనపడి, పెద్దగా నష్టం కలిగించకుండా తీరం దాటింది. మా ఆవిడ లేచి కిటికీ తెరిచి, "హెచ్చరిక దించేయొచ్చేమో, రేపు రెండు చెంచాలు వేయించుకోండి" అని మళ్లీ పడుకుంది.