గడ్డి ఎవరి చేతిలో ఉంది?

దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో, అర్జెంటీనా తీరానికి తూర్పున దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో ఫాక్‌లాండ్ దీవులున్నాయి. జనం 3,600 పైచిలుకు. గొర్రెలు మాత్రం అయిదు లక్షలకు దగ్గర. 1982లో బ్రిటన్, అర్జెంటీనా 74 రోజులు యుద్ధం చేసి, రెండు వైపులా కలిపి తొమ్మిది వందల మందికి పైగా చనిపోయిన చోటుగానే మన పాఠకుల్లో చాలామందికి ఈ దీవులు గుర్తు. అర్జెంటీనా వాటిని మాల్వినాస్ అంటుంది. అవి ఎవరివన్న తగాదా ఇంకా తేలలేదు, ఇప్పుడు దాని జోలికి పోవడం మా ఉద్దేశం కాదు. అక్కడి గొర్రెల చరిత్రలో మన పశుసంవర్ధక శాఖలు తీరిగ్గా కూర్చుని చదవాల్సిన సంగతులున్నాయి.

1850ల తొలినాళ్లలో బ్రిటిష్ రాణి ఇచ్చిన చార్టర్‌తో ఫాక్‌లాండ్ ఐలాండ్స్ కంపెనీ ఏర్పడింది. మొదట్లో దీవుల్లో మందలుగా తిరిగే అడవి పశువులే వ్యాపారం. పది పదిహేనేళ్లు గడిచేసరికి గొర్రెలు వాటి చోటు తీసుకున్నాయి. చెట్టన్నది కనిపించని నేల, ఆగని గాలి, అడుగున నీరు పట్టి ఉండే పీట్ మట్టి (కుళ్లిన మొక్కలతో ఏర్పడే ఈ మట్టిని ఎండబెడితే పొయ్యిలో మండుతుంది). జీవాలకు భయపడాల్సిన మృగం ఒక్కటే ఉండేది, నక్కలాంటి 'వారా'. గొర్రెల కోసమని దాన్ని వేటాడి, విషం పెట్టి చంపారు. 1876 నాటికి ఆ జాతే లేకుండా పోయింది. 1898లో గొర్రెల లెక్క 8 లక్షలు దాటింది. నేల అంత బరువు మోయలేకపోయింది. తీరం వెంట మనిషెత్తున పెరిగే టస్సాక్ గడ్డిని మందలు మొదళ్లదాకా మేసేశాయి. చాలాచోట్ల అది మళ్లీ లేవలేదు. ఇప్పుడు సగటు చూస్తే ఒక్కో గొర్రెకు ఆరెకరాల నేల వస్తుంది. వినడానికి ఎంతో అనిపిస్తుంది గానీ, అక్కడి తెల్లగడ్డిలో సత్తువ తక్కువ.

డబ్బంతా ఉన్నిలోనే ఉండేది. ఉన్నిని నొక్కి బేళ్లు కట్టి ఓడకెక్కిస్తే నెలలు పట్టినా చెడిపోదు. మాంసం అలా కాదు. ముసలి గొర్రెలను కోసి, ఉడకబెట్టి, కొవ్వు తీసి పీపాల్లో పంపిన రోజులున్నాయి. 1880ల్లో గడ్డకట్టించిన మాంసం ఓడలు మొదలయ్యాయి. గూస్ గ్రీన్‌లో డబ్బా మాంసం ఫ్యాక్టరీ పెట్టారు, అదీ నిలవలేదు. 1950ల్లో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ ఒకటి అజాక్స్ బే దగ్గర పెద్ద ఫ్రీజింగ్ ప్లాంటు కట్టింది. కొద్ది సీజన్లకే మూతపడింది. 1982 యుద్ధంలో బ్రిటిష్ సైన్యం గాయపడినవాళ్లకు ఆపరేషన్లు చేసింది ఆ పాడుబడిన షెడ్డులోనే. ఇక మిగిలిన మాంసం? దీవులవాళ్లు మటన్‌ను ముద్దుగా '365' అంటారు, ఏడాదిలో అన్ని రోజులూ అదే కూర కాబట్టి. కొనేవాడు లేక, ఈడు మళ్లిన జీవాలను చంపి పారేసిన ఏళ్లు కూడా ఉన్నాయి.

ఇదంతా మార్కెట్ కథ. అసలు కథ బ్రిటిష్ రాజకీయ నాయకుడు లార్డ్ షాకిల్టన్ 1976లో బ్రిటన్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో ఉంది. అప్పటికి దీవుల్లో భూమి చాలావరకు ఊళ్లో లేని యజమానులది. సగానికి దగ్గరగా ఆ ఒక్క కంపెనీ చేతిలోనే ఉంది. ఉన్ని లాభం లండన్ చేరి అక్కడే ఉండిపోయేది, దీవులకు తిరిగొచ్చేది స్వల్పం. కాపరికి జీతం, ఉండటానికి ఇల్లు, తినడానికి మటన్, పొయ్యిలోకి పీట్ ఇచ్చేవారు. ఒంట్లో శక్తి తగ్గి పని మానేసిన రోజున ఇల్లు కూడా ఖాళీ చేయాలి. జీవితమంతా ఆ గడ్డి మీద నడిచినవాడికి అందులో సెంటు కూడా ఉండేది కాదు. చేవ ఉన్న కుర్రాళ్లు దీవులే వదిలి వెళ్లిపోయేవారు. పెద్ద ఫారాలను ముక్కలు చేసి అక్కడ పనిచేసేవాళ్లకే ఇవ్వాలనీ, చుట్టూ ఉన్న సముద్రంలో చేపల మీద ఆదాయం రాబట్టాలనీ షాకిల్టన్ సూచించాడు. యుద్ధం జరిగేదాకా ఆ నివేదికను లండన్ పెద్దగా పట్టించుకోలేదు. యుద్ధం అయ్యాక ఆయన చేతే దాన్ని కొత్తగా రాయించుకుని, చాలావరకు అమలు చేసింది. అంతమంది చనిపోతే గానీ ఒక నివేదిక బీరువాలోంచి బయటికి రాలేదు!

భూమి పంపకం యుద్ధానికి కాస్త ముందు 1980లో గ్రీన్ ప్యాచ్ అనే ఫారంతో మొదలై ఆ దశాబ్దమంతా సాగింది. 1991లో కంపెనీ దగ్గర మిగిలిన పెద్ద ఫారాలను దీవుల ప్రభుత్వమే కొనేసింది. నిన్నటి కాపరులు అప్పు చేసి యజమానులయ్యారు. దురదృష్టం చూడండి, సరిగ్గా అదే ఏడాది ఆస్ట్రేలియా ఉన్నికి ఇస్తున్న కనీస ధర ఎత్తేసింది. ఆ ధర కాపాడటానికి అక్కడ కొని పేర్చిన నిల్వ 47 లక్షల బేళ్లు. ప్రపంచమంతటా ఉన్ని ధర కుప్పకూలింది. కొత్త రైతులకు వాయిదాల టెన్షన్ పట్టుకుంది.

వాళ్లను నిలబెట్టింది చేపలతోపాటు వలేసి పట్టే మెత్తటి సముద్రజీవి స్క్విడ్. దీవుల చుట్టూ 150 నాటికల్ మైళ్ల చేపల వేట మండలం ప్రకటించాక, 1987 నుంచి విదేశీ పడవల లైసెన్సు ఫీజులు ఖజానాను నింపాయి. ఆ డబ్బును ప్రభుత్వం ఎక్కడ పెట్టిందో చూడాలి. ఒకప్పుడు దీవుల రాజధాని స్టాన్లీ పట్టణం దాటితే రోడ్డన్నదే అరుదైన చోట వందల కిలోమీటర్ల కంకర రోడ్లు వేసింది. చిన్న దీవుల నుంచి బేళ్లను, జీవాలను తెచ్చే ఓడ నడుపుతోంది. మేలైన పొట్టేళ్ల కోసం సొంత మంద పెంచింది. 2000ల మొదట్లో స్టాన్లీ దగ్గర యూరప్ ప్రమాణాలకు తగిన కబేళా కట్టింది. దాంతో మాంసం సరుకైంది. రైతుకు ఉన్నితోపాటు అమ్ముకోవడానికి మరొకటి దొరికింది.

అంతా బాగుందని చెప్పడం లేదు. కబేళా ప్రభుత్వ సాయం లేకుండా నడవలేదు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి తప్పుకున్నాక 2021 నుంచి ఫాక్‌లాండ్ మాంసం మీద యూరప్‌లో సగటున 40 శాతం పైన సుంకం పడుతోంది. బ్రిటన్ చేసుకున్న ఒప్పందంలో ఈ దీవులకు చోటు లేకపోవడమే కారణం. ఉన్ని మీద సుంకం లేదు గానీ దాని ధర ఎప్పుడూ ఇంకొకరి చేతిలోనిదే. స్క్విడ్ కూడా నమ్మకమైనది కాదు, 2024లో ఒక రకం స్క్విడ్ వేట రెండో సీజన్‌ను అసలు తెరవనే లేదు. పల్లెపట్టును దీవులవాళ్లు 'క్యాంప్' అంటారు. భూమి చేతికొచ్చినా క్యాంప్‌లో ఇప్పుడు ఉంటున్నది పది మందిలో ఒకరు, అటూఇటూ. మిగతావాళ్లంతా స్టాన్లీలో, సైనిక స్థావరం దగ్గర. భూమి పంచితే జనం పల్లెల్లో ఆగిపోతారన్న ఆశ సగమే నెరవేరింది. ఓడకూ కబేళాకూ ప్రభుత్వం పెట్టే ఖర్చు దండగ అనే లెక్కల మనుషులు అక్కడా ఉంటారు. వాళ్లతో మేం ఏకీభవించం. ఓడ ఆగితే చిన్న దీవిలో ఫారం ఆగుతుంది, ఫారం ఆగితే ఆ దీవిలో మనిషి ఉండడు. ఆ సాయం ఎంతో బడ్జెట్‌లో తేటతెల్లంగా చూపించి ఇవ్వడమే సరైన పని.

ఇక్కడ ఒక మాట అనుకోవాలి. ఫాక్‌లాండ్స్‌లో గొర్రెలు వచ్చేనాటికి వెళ్లగొట్టడానికి స్థిరపడిన మూలవాసులు లేరు. 1877లో అక్కడి నుంచే 300 గొర్రెలు చిలీ దక్షిణ కొసకు చేరి, ఆ ప్రాంతంలో గొర్రెల వ్యాపారానికి నాంది పలికాయి. దక్షిణ అమెరికా కొసన ఉన్న టియెర్రా డెల్ ఫ్యూగో దీవిలో మూలవాసులైన సెల్క్‌నామ్ ప్రజల వేట భూములు అలా కంపెనీల పాలయ్యాయి. ఆ ప్రజలను చంపినవారికి బహుమతులిచ్చిన చరిత్ర అది.

ఇక మన సంగతి. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువున్న రాష్ట్రం తెలంగాణ, 1.9 కోట్ల పైన. రెండోది ఆంధ్రప్రదేశ్. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకురుమ కుటుంబాలకు 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం తెచ్చింది. ఉద్దేశాన్ని తప్పు పట్టలేం. కానీ మోటారు సైకిళ్ల మీద, అంబులెన్సుల్లో గొర్రెలను తరలించినట్టు బిల్లులున్నాయని కాగ్ తేల్చాక ఆ ఉద్దేశం గురించి మాట్లాడేవాళ్లే కరువయ్యారు. అవినీతి సంగతి కోర్టులు చూసుకుంటాయి. అంతకంటే మౌలికమైన లోపం పథకంలోనే ఉంది. జీవాలు ఇచ్చారు, అవి ఎక్కడ మేయాలో చెప్పలేదు. బీళ్లు ప్లాట్లయ్యాయి, గుట్టలు క్వారీలయ్యాయి, మొక్కల పెంపకం పేరుతో కొన్నిచోట్ల కంచెలు లేచాయి. మంద తోలుకుని ఎండాకాలం జిల్లాలు దాటి వలస పోయే కాపరికి దారిలో పంట రైతుతో, అటవీ సిబ్బందితో, లారీలతో పోరే.

ఉన్ని విషయంలో కథ ఇంకా అన్యాయం. గొంగడికి పనికొచ్చే దక్కని నల్ల గొర్రెను మాంసం కోసం బొచ్చులేని నెల్లూరు రకంతో సంకరం చేస్తూ పోయాం. ఇప్పుడు బొచ్చు కత్తిరించడానికి కాపరే ఎదురు డబ్బిచ్చి, వచ్చిన ఉన్నిని చాలాచోట్ల పారేస్తున్నాడు. మాంసం చూస్తే, హైదరాబాద్‌లో కిలో మటన్ ధర మీద ఎంత గోల జరిగినా అందులో కాపరి వాటా ఎంతో ఎవరూ అడగరు. సంతలో దళారి కంటిచూపుతో కట్టిన ధరే ధర, తూకం ఉండదు.

గొర్రెల పేరుతో మళ్లీ ఏ పథకం పెట్టినా రెండు ప్రభుత్వాలూ మొదట మండలాలవారీగా మేత భూముల జాబితా ప్రకటించాలి. వాటిని సర్వే నంబర్లతో గొర్రెల పెంపకందారుల సహకార సంఘాల పేర రాయాలి. వలస దారుల్లో నీటి తొట్లు, టీకా శిబిరాలు పెట్టాలి. ప్రతి పెద్ద సంతలో తూకం కాటా, జిల్లాకొక శుభ్రమైన కబేళా ఉండాలి. జీవాలు కొనుక్కోవడం కాపరికి ఎవరూ నేర్పక్కర్లేదు, ఆ డబ్బు బ్యాంకు అప్పుగా ఇస్తే చాలు.